మా నాయన సైకిలుకు అయిదు గేర్లు

మా నాయన సైకిలు బాగుందని ఎవరైనా అన్నట్టు నాకు గుర్తు లేదు. ఆళ్లగడ్డలో ఒక పోస్టుమాను రిటైరయ్యాక వదిలించుకున్న సైకిలది. ముందు భాగంలో ఉండాల్సిన కంపెనీ బిళ్ల ఎప్పుడో ఊడిపోయి రెండు బొక్కలు మిగిలాయి. కాబట్టి అది ఏ ఊళ్లో పుట్టిందో చెప్పే ఆధారం కూడా లేదు. కొత్తగా ఉన్నప్పుడే అది చవక రకమని దాని ఇనుము చూస్తే తెలిసిపోతుంది. అయినా డెబ్బైల్లో, నేను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ, మా ఇల్లు నడిచింది దాని మీదే. వీధి మొదట్లో దాని కీచు చప్పుడు వినపడగానే అమ్మ నాయన కోసం కంచం కడిగి పెట్టేది.

నాయన చర్చి ఉపదేశి. నంద్యాలలో ఉండే పెద్ద అయ్యగారు నెలకొకసారి మాత్రమే రాగలిగే పల్లెల్లో, మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడపడం, జబ్బుపడిన వాళ్లను పలకరించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఆయన పని. ఆయనకు మూడు ఊళ్లు ఉండేవి. రెండు దొర్నిపాడు వైపు, అంతా నల్లరేగడి, చదును దారి. మూడోది అహోబిలం వైపు కొండల దగ్గర ఉండేది. దానికి చివరి రెండు మైళ్లూ మిట్టే. ఆ ఊరంటే నాయనకు ప్రాణం. అక్కడి ప్రార్థన ఇంటి గోడలకు మట్టి తొక్కిన కాళ్లలో ఆయనవీ ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో ఆ ఊరికి మొదట పోయింది ఆయనే.

ఎనభైలు మొదలయ్యేసరికి ఆయనకు యాభై ఏడేళ్లు, ఆయాసం కూడా తోడైంది. నేనప్పటికి నంద్యాలలో ఒక లేత్ షాపులో పనిచేస్తున్నాను. ఒకసారి ఇంటికి వెళ్తే అమ్మ చెప్పింది. కొండ ఊరికి పోయివచ్చిన రోజు ఆయన అన్నం కూడా తినకుండా గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడట. పెద్ద అయ్యగారికీ ఈ సంగతి చేరినట్టుంది. కోత పండుగ కాగానే ఆ ఊరిని ఎవరైనా వయసులో ఉన్న ఉపదేశికి అప్పగిద్దామని అన్నారట. మంచిగానే అన్నారు, ఆయన మీద జాలితోనే అన్నారు. నాయన ఆ మాట నాకు నవ్వుతూ చెప్పాడు. చెప్పి, గాలి నిండుగా ఉన్న సైకిలు టైరును చాలాసేపు వేలితో నొక్కి నొక్కి చూశాడు.

నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయ్యగారి మీద రావాలా, ఆయాసం మీద రావాలా, కొండ మీద రావాలా తెలియక ఆ సైకిలు మీద వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా షాపుకు ఒక రేసు సైకిలు తుక్కు కింద వచ్చింది. నంద్యాలలో ఒక కలిగిన ఇంటి కుర్రవాడు పందేల పిచ్చితో మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. అందులో సగం సామాను విదేశాలది. వేరుశనగ బస్తాల లారీకి దాన్ని గుద్ది చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఫ్రేము రెండుగా మడతపడింది. రక్తం చూసిన బండి గడప తొక్కకూడదని వాళ్ల ఇంటి పెద్దలు దాన్ని పనివాడితో మా షాపుకు పంపించేశారు. మా మేస్త్రీ దాని పెడల్ రాడ్లను వేళ్లతో మీటి, ఇది ఇనుము కూడా కాదు, దీంతో పప్పుగుత్తి కూడా రాదని తీసి పక్కన పడేశాడు.

నేను చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. వెనక చక్రానికి ఉండే ఫ్రీవీలు అంటే మన సైకిళ్లకు ఒకటే పళ్ల చక్రం కదా, దానికి అయిదు ఉన్నాయి. చిన్న దాని నుంచి పెద్ద దాని దాకా వరసగా, గిన్నెలు బోర్లించినట్టు. చైనును ఒక దాని మీది నుంచి ఇంకో దాని మీదికి నెట్టడానికి కింద ఒక చిన్న చెయ్యి, దాన్ని ఆడించడానికి ఒక మీట. పెద్ద చక్రం మీద చైను పడితే ఎంత మిట్టయినా తేలిగ్గా ఎక్కొచ్చు. చిన్న చక్రం మీద పడితే బరువుగా ఉంటుంది కానీ చదును మీద ఉరుకుతుంది. ఇది కదా మా నాయనకు కావలసిందని నాకు అక్కడికక్కడే తోచింది. మేస్త్రీని అడిగాను. ఆయన ఎగాదిగా చూసి, ముసలి గాడిదకు పందెం గుర్రం జీను వేస్తావా అన్నాడు, తీసుకుపొమ్మని కూడా అన్నాడు.

నాయన సైకిలును బస్సు మీద వేయించి నంద్యాల తెచ్చాను. వారం రోజులు పట్టింది. ఎక్కడో పుట్టిన ఆ ఫ్రీవీలు మర మా పోస్టుమాను సైకిలు హబ్బు మీద మూడు చుట్లు తిరిగి, పిలిచినట్టుగా కుదురుకున్నప్పుడు నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. అయిదు చక్రాలకు చోటు చాలక ఇరుసు పొట్టిదైంది. లేత్ మీద కొత్త ఇరుసు తిప్పాను. అది పట్టక ఫ్రేము వెనక కాళ్లను బోల్టు పెట్టి ఎడం చేశాను. చైనును నెట్టే ఆ చిన్న చెయ్యి తగిలించడానికి చవక ఫ్రేములో ఏ ఏర్పాటూ లేదు. చిన్న పలక కోసి పెడితే, గాడిద అన్న మేస్త్రీయే కూర్చొని దాన్ని ఇత్తడితో అతికించాడు. పాత ఇనుప పెడల్ రాడ్లు తీసేసి తెల్లగా మెరిసే కొత్తవి బిగించాను. చైను చుట్టూ ఉండే రేకు డబ్బా అడ్డం వస్తోందని పీకి పారేశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. గొర్రె కొమ్ముల్లా కిందికి వంగిన ఆ రేసు హ్యాండిలు కూడా బిగించాను. దాని అవసరం నాయనకు లేదు. నాకుండింది.

ఆ వారమంతా నాయన మూడు ఊళ్లకూ నడిచి పోయాడని నాకు తర్వాత తెలిసింది.

ఆళ్లగడ్డ బస్టాండులో సైకిలు దించినప్పుడు ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. పైగుడ్డ తీసి పెడల్ రాడ్లను తుడిచాడు, వాటి మీద దుమ్ము లేకపోయినా.

"ఏందప్పా, దీనికి ఇంత చేసినావు" అన్నాడు.

దీనికి కాదు, నీకు చేశానని నోటి దాకా వచ్చింది కానీ మా ఇంట్లో అలాంటి మాటలు అనే అలవాటు లేదు. మీట ఎలా తిప్పాలో, ఏ చక్రం దేనికో చూపించాను. వాక్యం విన్నట్టు శ్రద్ధగా విన్నాడు. బజారు చదునే కాబట్టి, ఎంత ఉరుకుతుందో ఆయనకు చూపిద్దామని చైనును అన్నిటికన్నా చిన్న చక్రం మీద వేసి ఇచ్చాను. ఆయన ఎక్కి బజారు చివరి దాకా పోయి తిరిగి వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి. అంతకన్నా నాకేం కావాలి. సాయంత్రం బస్సుకు నంద్యాల వెళ్లిపోయాను.

మొదటి ఆదివారమే ఆయన పంచె చైనులో పడింది. రేకు డబ్బా ఉండేది పంచె కట్టే మనుషుల కోసమని, ప్యాంట్లు వేసుకునే నాకు తట్టలేదు. ఉపదేశికి తెల్ల పంచె అంటే పోలీసుకు టోపీ లాంటిది. ఆయన ఆ చిరుగును లోపలి మడతలోకి తిప్పి కట్టుకొని, మోకాలి మీది నల్ల మరకను బైబిలుతో కప్పుకొని ప్రార్థన ముగించుకొని వచ్చాడట. ఇక హ్యాండిలు కథ ఇంకా ఘోరం. అంత వంగి తొక్కితే తల నేలకేసి ఉంటుంది. దారిలో మనుషులు వందనాలు పెడితే ఆయనకు కనబడరు. అయ్యకు మన మీద ఏదో మనసులో ఉంది, మొహం కూడా చూడకుండా పోతున్నాడని దొర్నిపాడు వైపు ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు నొచ్చుకున్నారు. మరుసటి వారం పోయి పాత హ్యాండిలు మళ్లీ వేశాను. నూనె డబ్బా రేకు కత్తిరించి పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి సగం మూత చేసి పెట్టాను. నాయన ఒక్క మాట అనలేదు. అమ్మ అన్నది. ఆయన అనవలసినవి కూడా కలిపి అన్నది.

ఆ తర్వాత ఆరు నెలలు అన్నీ మంచి కబుర్లే. నాయన నెలకొక కార్డు రాసేవాడు. అందులో ఎప్పుడూ ఒకే వరస. మీ అమ్మ క్షేమం, నేను క్షేమం, సైకిలు క్షేమం. నేను ఆ కార్డు షాపులో అందరికీ చూపించేవాణ్ణి. షాపుకు వచ్చిన ప్రతివాడికీ, అడిగినా అడగకపోయినా, మా నాయన అయిదు గేర్ల సైకిలు మీద కొండలెక్కుతున్నాడని చెప్పేవాణ్ణి. నా గొప్పలు భరించలేక మేస్త్రీ ఒకసారి చెవిలో దూది పెట్టుకున్నాడు.

కోత పండుగ ఇక రెండు వారాలుందనగా, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా నంద్యాలలో తెల్లారే బయలుదేరి, అహోబిలం బస్సులో పోయి మిట్ట కింద దిగి, కొండ ఊరికి నడిచాను. నాయన ఆ మిట్ట ఎక్కి వస్తుంటే ఎదురుగా నిలబడి చూడాలన్నది నా కోరిక. ప్రార్థన ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చుంటున్నారు.

నాయన నడిచి వచ్చాడు. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, సైకిలును తోస్తున్నాడో దాని మీద వాలి ఉన్నాడో తెలియకుండా వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయి, అనలేక, చెయ్యి మాత్రం ఎత్తాడు. సైకిలు గోడకు ఆనించి లోపలికి పోయి చాప మీద కూలబడ్డాడు. నేనూ వెనకే పోయి కూర్చున్నాను.

అక్కడ ఒక ముసలమ్మ ఉండేది. ఆ ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఒకామె. నాయన కూర్చోగానే ఆమె పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. అది అయింది, ఇంకొకటి. అదీ అయింది, మూడోది. ప్రార్థనకు వచ్చామా పాటకచేరీకి వచ్చామా అని నాలో నేను సణుక్కుంటున్నాను. నాలుగో పాటకు ముందు ముసలమ్మ నా మొహం చూసింది. నా పక్కకు జరిగి, మెల్లగా చెప్పింది.

"అయ్యకు ఊపిరి రావాల గదప్పా. అంతదాంక మేం పాడుతాండాం. పోయినేడు రెండు పాటలతో సరిపోయేది. ఇప్పుడు నాలుగు పడ్తాండాయి. నంద్యాల అయ్యతో చెప్పగాకు."

నాలుగో పాట అయ్యాక నాయన లేచి నిలబడి వాక్యం తెరిచాడు. గొంతు సరిగానే ఉంది. ఆయనకు ఊపిరి అందేదాకా ఊరు ఊరంతా పాడి కాపాడుకుంటోందని నాకప్పుడే తెలిసింది. అంతకన్నా నన్ను పట్టుకున్నది ఇంకో మాట. పోయినేడు రెండు. నేను గేర్లు పెట్టాక నాలుగు.

కూర్చోలేక బయటికి వచ్చి సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాను. మనుషుల సంగతి నాకు అంతగా తెలియదు కానీ ఇనుము ఏం చెబుతుందో తెలుసు. చైను అన్నిటికన్నా చిన్న చక్రం మీద ఉంది. బజారులో నేను వేసి ఇచ్చిన చోటే ఉంది. ఆ చిన్న చక్రం పళ్లు అరిగి తళతళలాడుతున్నాయి. మిగిలిన నాలుగింటి మీదా నేను బ్రష్షుతో పూసిన గ్రీజు అలాగే, దుమ్ము పట్టి గట్టిపడి ఉంది. చైను వాటిని తాకనే లేదు. అంటే ఆరు నెలలుగా మా నాయన, పోస్టుమాను సైకిలు కన్నా బరువైన సైకిలును తొక్కుతున్నాడు. దాన్ని అంత బరువు చేసి చేతికిచ్చింది నేను.

ప్రార్థన అయ్యాక ఆయన బయటికి రాగానే అరిచినంత పని చేశాను. మీట ముట్టుకోలేదా, నేను చెప్పింది వినలేదా, నీకు అర్థం కాకపోతే అడగకూడదా అని. ఆయన చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. అరుగు మీద కూర్చున్నాడు. అర్థం కాకపోవడం కాదట. పెద్ద చక్రం మిట్టకు తేలికని ఆయనకు బాగా తెలుసు.

"మరి ఎందుకు పెట్టుకోలేదు నాయనా?"

"కాళ్లు ఇంకా ఆడుతాండాయి గదప్పా. ఆడనప్పుడు వాడుదామని పెట్టుకున్నా." పైగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "అది కూడా ఇప్పుడే వాడేసుకుంటే, దాని ఎనక ఇంక ఏముండాది నాకు?"

మా ఇంట్లో మంచి దుప్పటి చుట్టాల కోసం పెట్టెలో ఉంటుంది. కొత్త చెప్పులు పండుగ దాకా గూట్లో ఉంటాయి. చివరికి ఆ దుప్పటిని చిమ్మటలు కొట్టేస్తాయి, చెప్పులు కాలికి చాలకుండా పోతాయి. అదంతా చూస్తూ పెరిగినవాణ్ణే, అయినా ఒక మనిషి సైకిలు చక్రాన్ని కూడా అలా దాచిపెట్టుకుంటాడని నాకు ఊహకైనా అందలేదు. ఆయన భయపడుతున్నాడని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. నాయనలు భయపడరని అనుకునే వయసు దాటి చాలా ఏళ్లయినా, ఆ అనుకోవడం నాలో అలాగే ఉండిపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపు వచ్చింది. చేతికంటిన గ్రీజు తుడుచుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"అది మందు సీసా గాదు నాయనా, అయిపోవడానికి. అరిగితే అరగనీ. లేత్ మీద ఇంకొకటి కోసిస్తా. అది గూడా అరిగితే ఇంకొకటి."

అలాంటి పళ్ల చక్రం మా లేత్ మీద కోయడం నాకు చేతకాదు. ఆ రోజు చేతకాదు, ఆ తర్వాత కూడా చేతకాలేదు. ప్రార్థన ఇంటి అరుగు మీద, ఆదివారం పూట, ఉపదేశికి చెప్పిన అబద్ధం అది. ఇప్పటికీ దానికి నాకు పశ్చాత్తాపం లేదు.

మరుసటి ఆదివారం నేను ఆళ్లగడ్డ నుంచే ఆయన వెంట బాడుగ సైకిలు మీద పోయాను. మిట్ట మొదట్లో ఆపించి, మీట ఆయన చేతనే తిప్పించాను. చైను కరకరమంటూ గట్టిపడిన గ్రీజును చీల్చుకొని ఒక్కో చక్రమే ఎక్కి, పెద్దదాని మీద కూర్చుంది. ఆయన ఎక్కి తొక్కాడు. నేను ముందే ఆలోచించని సంగతి ఒకటి అప్పుడు బయటపడింది. ఆ చక్రం మీద కాళ్లు తేలిగ్గా తిరుగుతాయి కానీ, బండి మనిషి నడిచే వేగంతోనే పోతుంది. నా బాడుగ సైకిలు ఆ మిట్ట ఎక్కలేదు. దిగి, దాన్ని తోసుకుంటూ ఆయన పక్కనే నడిచాను.

రెండు మైళ్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ మలుపులో ఒకసారి ఎలుగుబంటి అడ్డం వచ్చిందట. ఏం చేయాలో తోచక బెల్లు కొడుతూ నిలబడ్డాడట. అది కూడా కొంచెంసేపు విని, నచ్చకపోయిందేమో, చెట్లలోకి వెళ్లిపోయిందట. ఈ కథ నాకు ఇరవై నాలుగేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి ఆయనకు ఎప్పుడూ మాట్లాడే ఓపిక మిగిలేది కాదు. ఆయన చెప్తున్నాడు, కాళ్లు తిరుగుతున్నాయి, మాట ఎక్కడా తెగడం లేదు. నేను ఆ మాటల కన్నా, మాటల మధ్య ఊపిరినే వింటూ నడిచాను.

కోత పండుగకు పెద్ద అయ్యగారు వచ్చినప్పుడు ఆ ఊరి సంగతి ఎత్తనే లేదు. నాయన ఇంకో నాలుగేళ్లు ఆ మిట్ట ఎక్కాడు. పెద్ద చక్రం పళ్లు కొంచెం కొంచెంగా అరిగాయి. నేను పోయినప్పుడల్లా వాటిని వేలితో తడిమి సంతోషపడేవాణ్ణి.

మీట తిప్పిన ఆ మొదటి రోజు మేము ఊళ్లోకి పోయేసరికి అందరూ చాపల మీద సిద్ధంగా ఉన్నారు. నాయన సైకిలు దిగి, చెప్పులు విడిచి, లోపలికి పోయి కూర్చున్నాడు. ముసలమ్మ అలవాటు ప్రకారం పాట ఎత్తుకుంది. రెండో పాదానికి నాయన గొంతు కలిపాడు. పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గించి ఆయన వైపు చూశారు. రెండేళ్లుగా ఆయన వాళ్లతో పాడలేదని, పాట అంటే ఆయన ఊపిరి కూడదీసుకునే సమయం మాత్రమే అయిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. పాట అయిపోయింది. ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ పొద్దు నీకు మా పాటలు అక్కర్లేదులే అయ్యా, వాక్యం తియ్యి" అన్నది.

నాయన బైబిలు ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు.

"నాకు కావాలమ్మా. ఇంకొకటి ఎత్తుకో" అన్నాడు.